నడికుడి దాకా తుడిచిన పట్టాలు

మొన్న మా అమ్మాయి ఇంటికి పురుగుల మందు కొట్టే మనిషి వచ్చాడు. నరసరావుపేటలో వాళ్లుండేది మూడో అంతస్తు. అంత ఎత్తుకు బొద్దింకలు మెట్లెక్కి వస్తాయో, మనతోపాటు లిఫ్టులోనే వస్తాయో తెలియదు గానీ, వంటింట్లో సింకు కింద వాటి సంసారం మా అమ్మాయి సంసారం కన్నా పెద్దదైపోయింది. వచ్చినాయన నలభై దాటిన మనిషి. వీపున నీలం రంగు డబ్బా, మెడలో మూతిగుడ్డ. అన్ని గదులూ చూసుకుంటూ వచ్చి చివరికి నా గది గుమ్మం దగ్గర నిలబడి, "ఈ గదిలో పురుగేమన్నా కనపడిందా పెద్దమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. నేను చేతిలో జపమాల పక్కన పెట్టి, "ఏ పురుగు? పేరు పెట్టి అడుగు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ఆయన బిత్తరపోయి మా అమ్మాయి వైపు చూశాడు. మా అమ్మాయి కళ్లతోనే ఆయనకేదో సర్దిచెప్పింది. ఎనభై దాటిన తల్లిని ఇంట్లో పెట్టుకున్న ఏ కూతురికైనా ఆ చూపు అలవాటే. నిజానికి నాకు ఆ మనిషి మీద కోపం లేదు. నా మీద నాకున్న కోపం అప్పుడప్పుడూ దారి తప్పి ఎదుటివాళ్ల మీద పడుతుంటుంది. ఆ కోపానికి ఇప్పుడు అరవై ఏళ్లు దాటాయి.

నేను రెంటచింతలకు కోడలిగా వెళ్లేనాటికి నాకు పదహారు నిండాయి. మాది కాలవల కింది ఊరు. ఇంటి వెనక వరిచేను, ఇంటి ముందు పంటకాలవ చూస్తూ పెరిగినదాన్ని. పెళ్లయిన మూడో రోజున గుంటూరులో రైలెక్కి మధ్యాహ్నానికి రెంటచింతల స్టేషన్లో దిగగానే మొహానికి కొట్టిన వేడికి, ఊళ్లో ఎవరి ఇల్లో తగలబడుతోందనుకుని చుట్టూ చూశాను. అది ఆ ఊరి ఎండ అని చెబితే నమ్మడానికి వారం పట్టింది. మా అత్తగారిల్లు మొత్తం నాపరాయి. గోడలు, నేల, పైకప్పు, ఆఖరికి దొడ్లో గుడ్డలుతికే బండ కూడా అదే. పగలంతా కాగి, రాత్రంతా ఆ కాకను మనకు తిరిగిచ్చేది. ఆ ఇంటికున్న ఒకే ఒక్క దయ, నడిమింటి కింద ఉన్న నేలమాళిగ. మా మామగారి తాతల కాలంలో జొన్నలు నిలవ చేసుకోవడానికి తవ్విన పాతరట అది. తర్వాత రాళ్లు పేర్చి, పద్నాలుగు మెట్లు కట్టి, పైన గాలి కోసం ఒక కంత వదిలి గది చేశారు. ఎండాకాలం మధ్యాహ్నం అందులో దిగితే బావిలో దిగినంత చల్లగా ఉండేది. మొదటిరోజు అత్తగారు దీపం పట్టుకుని నన్ను అక్కడికి తీసుకెళుతూ ఆఖరి మెట్టు మీద ఆగి, "కింద చూసుకుని అడుగెయ్యవే. గుంటూరు తొక్కేవు" అంది. కొత్త కోడలిని ఆటపట్టిస్తోందనుకున్నాను. చూద్దును కదా, ఆఖరి మెట్టు పక్కనే నిజంగానే గుంటూరు ఉంది.

గుంటూరే కాదు, మాచర్ల దాకా రైలు దారంతా ఉంది. గది నాలుగు గోడల వెంబడీ మోకాలెత్తున రాతి అరుగు, దానిమీద పలకలు, పలకల మీద కిరసనాయిలు డబ్బా రేకు కత్తిరించి వేసిన పట్టాలు. మెట్ల దగ్గర గుంటూరు, ఆ గోడ మధ్యలో సత్తెనపల్లి, మూల తిరిగాక పిడుగురాళ్ల, ఎదురు గోడకు నడికుడి, అది దాటాక గురజాల, మా రెంటచింతల, మళ్లీ మెట్ల ఇవతలి పక్కకొచ్చేసరికి మాచర్ల. అరచేతిలో పట్టే మట్టి స్టేషన్లు, అగ్గిపుల్లల కంచెలు, ఎర్రరంగు సిగ్నలు చేతులు. మాచర్లలో గడియారాలు బాగుచేసే ఒక సాయిబుగారు ఇచ్చిన పాత స్ప్రింగు ఇంజను కడుపులో ఉండేది. తాళం తిప్పి వదిలితే నాలుగు అట్టపెట్టెలు లాక్కుంటూ గదంతా చుట్టేది. ఇదంతా చేసింది మావారు. ఆయన మాచర్ల రైల్వే షెడ్డులో ఫిట్టరు. రోజంతా ఇనుముతో పెనుగులాడి వచ్చి, సాయంత్రం ఈ రేకులతో ఆడుకునేవారు. ఇంతకీ ఈ రైలు పుట్టింది మాళిగలో కాదు, గుడిలో. మేము కతోలికులం. క్రిస్మస్‌కు గుడిలో పశువుల పాక కట్టే పని చిన్నప్పటినుంచీ ఆయనదేనట. గొర్రెలు, గొల్లలు, మట్టికొండలు అన్నీ ఆయన చేతివే. ఒక ఏడాది కొండ వెనక నుంచి రైలు వచ్చేట్టు చేశారు. జనం బాలయేసును వదిలేసి రైలు చుట్టూ మూగారు. అప్పటి స్వాములవారు పైదేశపాయన. చెవి పట్టుకుని, "బెత్లెహేముకు రైలు లేదు, పిల్లవాడా" అన్నారట. మావారు నొచ్చుకుని రైలును ఇంటికి తెచ్చుకుని, బెత్లెహేము సంగతి వదిలేసి మాచర్ల బండి మొదలుపెట్టారు.

మా మామగారికి ఈ ఆట మొదట్లో సుతరామూ నచ్చలేదు. ఆయన మెట్ట సేద్యగాడు. మిరప, పొగాకు, జొన్న తప్ప ప్రపంచంలో శ్రద్ధ పెట్టాల్సిన వస్తువు ఇంకొకటి లేదనుకునే మనిషి. "పొద్దస్తమానం రైల్వేలోనే పడుంటావు గదరా, ఇంట్లో గూడా రైలేంది?" అని కొడుకును దెప్పేవాడు. పెళ్లయిన అయిదు నెలలకే రెండో ప్రపంచ యుద్ధం మా గుమ్మంలోకి వచ్చింది. సైన్యంలో పట్టాలు వేసే దళాలకు షెడ్డు పనివాళ్లు కావాలన్నారు. మావారు పేరిచ్చారు. నన్నడగలేదు. అడిగితే ఏడుస్తానని తెలుసు. బయల్దేరే రోజు పొద్దున రైలును ఒకసారి తిప్పి, మాచర్లలో ఆపి, తాళం తీసి తండ్రి చేతిలో పెట్టారు. "నాన్నా, అంతా చెక్కా అట్టా గదా. నేనొచ్చేదాకా పురుగు పట్టనీమాక" అన్నారు. మామగారు ఆ తాళం మొలతాడుకు కట్టుకుంటూ, "నువ్వు క్షేమంగా రా. నీ బండికి పురుగు పడితే అప్పుడు నన్నడుగు" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి కొడుకు ప్రాణం ఆ అట్టపెట్టెల్లోనే ఉందన్నట్టు మామగారు మాళిగకు కాపలా పడ్డాడు. దాన్ని చెక్కుచెదరకుండా ఉంచితే కొడుకు చెక్కుచెదరకుండా వస్తాడని ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు. అనకపోయినా మా ఇద్దరాడవాళ్లకూ తెలుసు. మేమూ అలాగే నమ్మడం మొదలుపెట్టాం.

పురుగు పట్టకుండా చూడటమంటే మాటలు కాదు. పాతరలో జొన్నలు పోసి ఎన్నేళ్లయినా ఆ వాసన రాళ్లకు పట్టుకునే ఉంది, ఎలుకలు దాన్ని మర్చిపోలేదు. పైగా మావారు అట్టలన్నీ జొన్నపిండి ఉడికించి అతికించారు. అంటే ఎలుకల లెక్కలో అది రైలు కాదు, విందు. మామగారు ఒక్కొక్క పెట్టె ఊడదీసి, పిండి గోకి, కారం కలిపిన తుమ్మబంకతో మళ్లీ అతికించాడు. పిల్లిని పెంచుదామని అత్తగారంటే ఒకదాన్ని తెచ్చాం. అది వారం తిరక్కుండా గురజాల స్టేషన్ మీద పడుకుని మూడు పిల్లల్ని పెట్టింది. "గురజాలలో కాన్పయింది, బండి ఆలస్యం" అని అత్తగారు ఊరంతా చెప్పుకుని నవ్వింది. మామగారు నవ్వలేదు. తల్లినీ పిల్లల్నీ గంపలో పెట్టి బంధువులింటికి పంపేశాడు. అప్పటినుంచి మాళిగలోకి పిల్లి అడుగు పెట్టలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకు రావాలి. చెదలకు పొగాకు కాడలు నానేసి కాచిన కషాయం. యుద్ధం రోజుల్లో కిరసనాయిలు కంట్రోలు గనక అదే దిక్కు. పలకల అంచుకు ఇంగువ నీళ్లు. చీమలకు పసుపు గీత. బొద్దింకలు మాత్రం పెట్టెల్లో దర్జాగా కూర్చుని, కిటికీల్లోంచి మీసాలు బయటపెట్టి ప్రయాణం చేసేవి. ఒక కందిరీగ ఇంజను పొగగొట్టంలో మట్టిగూడు కట్టింది. మామగారు దాన్ని సూదితో మూడు రోజులు తవ్వాడు. ఒకసారి ఎలుకల మీద కసితో మాళిగలో ఎండుమిరపకాయల పొగ వేశాడు. ఎలుకల సంగతేమో గానీ మేమూ, ఇరుగుపొరుగూ, దొడ్లో గేదె, అందరం వీధిన పడి దగ్గాం.

అప్పటికే ఆయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు. సన్నటి పురుగు ఆనేది కాదు. అందుకని చూడటం నా వంతు, మందు వెయ్యడం ఆయన వంతు. పొద్దుగూకే ముందు కంతలోంచి ఇంకా కాస్త వెలుగు ఉండగానే నేను దిగి ఏ స్టేషన్ దగ్గర ఏముందో చూసొచ్చేదాన్ని. నేను పైకొచ్చేసరికి ఆయన పంచలో మంచం మీద కూర్చుని ఉండేవాడు. "పురుగేమన్నా కనపడిందా అమ్మాయ్?" అనేవాడు. చెదయినా, చీమయినా, జెర్రి అయినా, ఎలుకైనా ఆయనకు అన్నీ పురుగే. "సత్తెనపల్లి దగ్గర ఉంది మామా" అనేదాన్ని. అప్పుడాయన కషాయం ముంత, ఈతపుల్లల కుంచె, చిన్న బుడ్డిదీపం తీసుకుని దిగేవాడు. గుంటూరు దగ్గర మొదలుపెట్టి ఒక్కో స్టేషనే చేత్తో తడుముకుంటూ తుడుచుకుంటూ మాచర్ల దాకా వెళ్లి, పైకొచ్చి, "బండి చేరింది" అని చెప్పాకే సంగటి తినేవాడు. అక్షరం రాని మనిషికి ఆ దారిలో స్టేషన్ల వరస జపంలా నోటికొచ్చేసింది. మావారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటితే ఆ సాయంత్రాలు తుడవడం మరీ ఎక్కువసేపు సాగేది.

ఇక్కడ ఒక పట్టింపు గురించి చెప్పాలి. మా నాన్న బడిపంతులు. ఏ వస్తువునైనా దాని పేరుతో పిలవాలి, నసగకూడదు అనేవాడు. అదే అలవాటుతో, కాపురానికొచ్చిన కొత్తల్లో ఒక సాయంత్రం దొడ్లో చొప్పవామి దగ్గర పాకుతున్నదాన్ని చూసి "పాము, పాము" అని కేకేశాను. అత్తగారు పరుగున వచ్చి తన అరచెయ్యి నా నోటికి అడ్డంపెట్టింది. "దీపాలు పెట్టినాక దాని పేరెత్తుతావంటే? పిలిస్తే పలుకుద్ది అది. పురుగనాల. పంతులు కూతురివి, ఇంతమాత్రం తెలవదా?" అంది. గుడిలో స్వాములవారు ఇట్లాంటి నమ్మకాలు కూడదని ప్రసంగాల్లో చెబుతూనే ఉండేవారు. అత్తగారు భక్తిగా విని, బయటికొచ్చాక, "ఆ సామికేం తెలుసు. వాళ్ల దేశంలో అయ్యి ఉండవంట" అని కొట్టిపారేసేది. నేను మంచి కోడలిననిపించుకోవాలని ఆ మాట ఒంటబట్టించుకున్నాను. దీపాలవేళ దాటితే నా నోటివెంట ఆ పేరు రాలేదు. ఆ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి మర్యాద అదే.

యుద్ధం అయిపోయిందన్న కబురు వచ్చింది. వానాకాలం చివర్లో మావారి ఉత్తరం వచ్చింది, క్రిస్మస్ నాటికో, కాస్త ఇటుగానో ఇంట్లో ఉంటానని. నేను చదువుతుంటే మామగారు ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు చదివించుకున్నాడు. ఇక ఆయనకు కాలు నిలవలేదు. ఇన్నేళ్లు కాపాడి ఆఖరి రెండు నెలల్లో చెద పట్టిందంటే కొడుక్కి మొహం ఎట్లా చూపిస్తానని ఒకటే ఆరాటం. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చేలల్లో కలుగుల నిండా నీళ్లు చేరి ఎలుకలన్నీ ఊళ్లోకొచ్చాయి. మా మాళిగలోకీ వచ్చాయి. పిల్లి లేని మాళిగ. ఎలుకల వెనకాల ఏం వస్తుందో సేద్యం చేసేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మామగారి ధ్యాసంతా చెక్క మీదా అట్ట మీదా ఉంది. మాకెవరికీ ఆ ఆలోచన రాలేదు.

ఆ సాయంత్రం నాకు వంటపనిలో ఆలస్యమైంది. నేను మాళిగలోకి దిగేసరికి కంతలో వెలుగు సన్నబడింది. పిడుగురాళ్ల మూల దాకా ఏమీ లేదు. నడికుడి స్టేషన్ వెనక, గోడకూ మట్టిబొమ్మకూ మధ్య ఉన్న సందులో ఎవరో తాడు చుట్టి పెట్టారనుకున్నాను. తాడు కాస్త కదిలింది. మెట్లెట్లా ఎక్కానో తెలియదు. నేను నడిమింట్లోకి వచ్చేసరికి గుడిలో సాయంత్రం త్రికాల జపం గంట మోగుతోంది. అత్తగారు అప్పుడే దీపం వెలిగించి, దాని ముందు నిలబడి సిలువ గుర్తు వేసుకుంటోంది. పంచలోంచి మామగారు రోజూ అడిగినట్టే, "పురుగేమన్నా కనపడిందా అమ్మాయ్?" అన్నాడు. పేరు నా నాలుక చివరనే ఉంది. దీపం కనపడింది, అత్తగారు కనపడింది. మింగేశాను. "ఉంది మామా. చానా పెద్ద పురుగు. నడికుడి వెనకాల" అన్నాను. ఆయన నవ్వాడు. "పెద్దదా? మంచిదేలే, నా కంటికి గూడా ఆనుద్ది" అన్నాడు. ఆ నవ్వు ధైర్యమనుకున్నాను. చేలల్లో కర్రతో ఎన్నిటినో కొట్టిన మనిషి. "జాగ్రత్త మామా" అన్నాను. "నాకేమన్నా కొత్తా?" అన్నాడు. కర్ర తీసుకుని, పక్కింటివాళ్లను కేకేసి దిగుతాడనుకున్నాను. పొయ్యి మీద సంగటి అడుగంటుతున్న వాసన వస్తే వంటింట్లోకి వెళ్లాను. సంగటి కలిపి, కుండ దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తే కర్ర తలుపు మూలనే ఉంది. ముంతా కుంచే లేవు.

"మామా" అని నేను కేక పెట్టేలోపే ఆయన మెట్లెక్కి వస్తున్నాడు. దీపం ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి విదిలించుకుంటున్నాడు. "ఏందో కుట్టిందమ్మాయ్. జెర్రేమో" అని గడప మీద కూర్చున్నాడు. అత్తగారు ఆ చెయ్యి దీపం దగ్గరకు లాగి చూసింది. ఆవిడ మొహం చూసి నాకు అర్థమైంది. నా మొహం చూసి ఆయనకు అర్థమైంది. ఒక్క క్షణం నా వైపు అట్లాగే చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నేను ఇన్నేళ్లు తేలిగ్గా బతికేదాన్ని. లేదు. పైగుడ్డ చించి చెయ్యి బిగించి కట్టాం. జనం చేరారు. మఠంలో మందులిచ్చే సిస్టరమ్మ పరుగెత్తుకొచ్చి తనకు చేతనైనదంతా చేసింది. గుంటూరు తీసుకెళ్లాలన్నారు. ఆరోజు గుంటూరు బండి ఎప్పుడో వెళ్లిపోయింది, మళ్లీ తెల్లవారాకే. మాటలు ముద్దగా అవుతుండగా ఆయన నన్ను దగ్గరకు రమ్మని సైగ చేశాడు. "నడికుడి దాకా అయింది. గురజాల నించి నువ్వు చూడమ్మాయ్" అన్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చి, చూస్తానని నోటితో చెప్పలేక తల ఊపాను. ఆ కళ్లకు నా తల ఊపు ఆనిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. పొద్దుటి బండి కూత మా ఊళ్లోకి వినపడే వేళకు ఆయన లేడు.

మర్నాడు మగవాళ్లు మాళిగలోకి దిగి నాగుపామును చంపి తీసుకొచ్చారు. మూడోరోజు మధ్యాహ్నం, వచ్చినవాళ్లంతా వెళ్లాక, అత్తగారు నన్ను ఎదురుగా కూర్చోపెట్టుకుని, "ఆరోజు మీ మామకు ఏమని చెప్పావే?" అని అడిగింది. నేను నడిమింట్లో దీపం దగ్గర తను విన్నదే మళ్లీ చెప్పాను. "పెద్ద పురుగని చెప్పానత్తా." తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. "నేనూ అక్కడే ఉంటిని గదే. నేనూ విన్నాను. నాకూ చెదపురుగనే వినపడింది" అంది. ఆ తర్వాత నన్ను ఒళ్లోకి లాక్కుంది. ఇద్దరం గొంతులు పోయేదాకా ఏడ్చాం. ఆ సాయంత్రమే మావారికి ఉత్తరం రాయాలని కాగితం తెమ్మంది. దీపాలు పెట్టే వేళయింది. నేను "పురుగు ముట్టి" అని రాసి చదివి వినిపించాను. "కొట్టెయ్. పామని రాయి. పేరు పెట్టి రాయి" అంది. రాశాను. "మాళిగలో అని రాయనా అత్తా?" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "చేలో అని రాయి. మాళిగలో అంటే వాడు బతికినన్నాళ్లు వాడి రైలే నాన్నను తినిందనుకుంటాడు" అంది. చేలో అని రాశాను. ఆ రోజు నుంచి ఆవిడ పోయేదాకా దీపాలవేళ అయినా, అర్ధరాత్రయినా, పామును పామనే పిలిచింది. ఎవరైనా ముసలమ్మలు ఉలిక్కిపడితే వాళ్ల మొహాన ఇంకోసారి అనేది.

మావారు క్రిస్మస్ దాటాక, జనవరిలో వచ్చారు. అప్పటిదాకా మాళిగ నేనే చూశాను. కర్రతో అరుగంతా తట్టి, దీపం చుట్టూ తిప్పి చూసి, అప్పుడు గుంటూరు నుంచి మొదలుపెట్టేదాన్ని. నడికుడి దగ్గరకు వచ్చేసరికి రోజూ ఏడుపొచ్చేది. ఏడుస్తూనే గురజాల, రెంటచింతల తుడిచి మాచర్ల చేరి, పైకొచ్చి "బండి చేరింది" అని అత్తగారికి చెప్పేదాన్ని. మావారు బాగా నల్లబడి, బరువు తగ్గి వచ్చారు. తండ్రి సమాధి దగ్గర కూర్చుని వచ్చాక నేరుగా మాళిగలోకి దిగారు. నేను దీపం పట్టుకుని వెనకాల నిలబడ్డాను. అత్తగారు పై మెట్టు మీదే ఆగిపోయింది. ఆయన ఒక్కో స్టేషన్ వేలితో తాకి చూశారు. ఒక్క పెట్టె చెడలేదు, ఒక్క అగ్గిపుల్ల ఊడలేదు. తండ్రి మొలతాడు నుంచి తీసి దాచిన తాళం ఇచ్చాను. తిప్పి వదిలితే బండి టకటకమంటూ మాచర్ల నుంచి కదిలి, గదంతా తిరిగి గుంటూరులో ఆగింది. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయింది. "ఇన్నేళ్లు పురుగు పట్టకుండా ఎట్లా కాపాడారే దీన్ని?" అని నన్ను అడిగారు. నేను తల దించుకుని దీపం వత్తి ఎగదోశాను. పై మెట్టు మీద నుంచి అత్తగారు, "మీ నాన్న చూసుకున్నాడులేరా" అంది. ఆయన ఆ అరుగు మీద తల ఆనించి, పట్టాల పక్కనే, వెక్కి వెక్కి ఏడ్చారు. చెప్పాల్సింది ఆ నిమిషంలోనే చెప్పాలి. చెప్పలేదు. ఆ నిమిషం దాటాక, అది చెప్పాల్సిన మాట కాకుండా చెప్పకూడని మాట అయిపోయింది.

తర్వాత ఆయనకు ఎందుకో మాళిగ మీద మనసు పోలేదు. నాన్న లేని ఇంట్లో ఆడుకోబుద్ధి కాలేదన్నారు. మరుసటి క్రిస్మస్‌కు గుడికి కొత్త స్వాములవారు వచ్చారు. ఈయన తెలుగాయన, నవ్వుమొహం. పశువుల పాకలో రైలు పెడతామంటే, "పెట్టవోయ్, ముగ్గురు రాజులూ ఒంటెల మీద ఎంతదూరమని వస్తారు" అన్నారు. అట్లా ఆ బండి గుంటూరూ మాచర్లా వదిలి, మొదట బయల్దేరిన బెత్లెహేముకే తిరిగి వెళ్లింది. పిల్లలంతా దాని చుట్టూ చేరి కేరింతలు కొట్టారు. నేను మోకాళ్ల మీద కూర్చుని, ఆ బండినే చూస్తూ, జపం చెయ్యలేకపోయాను. పండగయ్యాక రైలునూ పట్టాలనూ గుడి వెనక సామాన్ల గదిలో పెట్టారు. రెండు వానాకాలాలు గడిచాక తలుపు తీస్తే, ఇంజను రేకూ స్ప్రింగూ తప్ప మిగతాదంతా చెదపుట్ట. పెట్టె పట్టుకుంటే చేతిలో పొడి అయింది. మా మామగారు నాలుగేళ్లు పొగాకు కషాయంతో, ఈతపుల్లల కుంచెతో, చివరికి ప్రాణంతో అడ్డుపడిన పనిని చెదలు నిదానంగా, ఎవరూ చూడకుండా ముగించాయి. మావారు, "పోనీలే, నాన్న ఉంటే పడనిచ్చేవాడు కాదు" అన్నారు. నేను అవునన్నాను. ఆ తర్వాత మేమిద్దరం కలిసి నలభై ఏళ్లకు పైగా బతికాం, పిల్లల్ని పెంచాం, పోట్లాడుకున్నాం, ఆయన్ను రెంటచింతలలోనే తండ్రి పక్కన పెట్టి వచ్చాను. ఆయన ఆఖరిదాకా తన నాన్న చేలో పోయాడనే అనుకున్నారు.

ఆ మందు కొట్టే మనిషి మొన్న నా గదిలో మూలమూలకూ మందు కొట్టి, ఆరు నెలల దాకా ఏ పురుగూ రాదని హామీ ఇచ్చాడు. వెళ్లేటప్పుడు కాఫీ ఇప్పించి, కసురుకున్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పాను. ఆయన నవ్వి, "ఇంతకీ దేన్ని అడుగుతున్నాననుకున్నావు పెద్దమ్మా?" అన్నాడు. సాయంత్రం అవుతోంది, మా అమ్మాయి హాల్లో లైటు వేసింది. "పామును" అన్నాను. మూడో అంతస్తులో పామేమిటని వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట నోటినుంచి రావడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. రెంటచింతలలో, ఆ దీపం ముందు, నాకు కావలసింది కూడా ఆ రెప్పపాటే. అరవై ఏళ్లకు పైగా గడిచిపోయాయి గానీ, ఆ రెప్పపాటు మాత్రం నాకు ఇంకా గడవలేదు.